ఇంటిదాకా వచ్చిన వేగం గదిదాకా రాదేం?

మా అమ్మకి అబద్ధం చెప్పడం రాదు. చెప్పినా రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. పోయిన జూన్‌లో ఒక ఆదివారం తెనాలికి ఫోన్ చేసి ‘పాపతో మాట్లాడావా అమ్మా?’ అనడిగాను. ‘ఆఁ... బాగానే కనబడిందిరా’ అంది. ‘ఏం గౌనేసుకుంది?’ అన్నాను. అటునుంచి చప్పుడు లేదు.

పాప అంటే మా అన్నయ్య కూతురు. నాలుగేళ్లు. ఉండేది డాలస్‌లో. మనకి ఆదివారం పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి వాళ్లకి శనివారం రాత్రి తొమ్మిది. పాపని పడుకోబెట్టేముందు అన్నయ్య వీడియో కాల్ చేస్తాడు. రెండేళ్లుగా అమ్మకి వారం మొత్తానికీ అదే పండగ.

అమ్మకి మేలో మోకాలి ఆపరేషన్ అయింది. ఆరువారాలపాటు మెట్ల జోలికి వెళ్లొద్దన్నారు డాక్టరుగారు. మా ఇంట్లో వైఫై డబ్బా ఉండేదేమో మేడమీద గదిలో. అమ్మ మంచం కింద, వెనక గదిలో. అంతకుముందు ప్రతి ఆదివారం ఓపిక చేసుకుని మేడెక్కి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మనవరాలితో మాట్లాడేది. ఇప్పుడు కింద గదిలో ఫోను పట్టుకుంటే పాప మొహం సగంలో ఆగిపోతోంది. మాట వస్తే నోరు కదలదు. నోరు కదిలితే మాట రాదు. అవతల పాపకీ అంతే. ‘నానమ్మ బొమ్మైపోయింది’ అని ఫోను వాళ్లమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోతోందట. మూడు వారాలు చూసి అమ్మే ఆపేసింది. ‘మోకాలు తగ్గాక చూస్తాలెండి, అందాకా ఫొటోలున్నాయిగా’ అని నాన్నతో అందట.

నాన్న ఊరుకోలేదు. కస్టమర్‌కేర్‌కి ఫోన్ చేశారు. ‘మీకు స్పీడు చాలట్లేదు సార్, ప్లాన్ మార్చుకోండి’ అంది అటువైపు అమ్మాయి. మార్చేశారు. 40 ఎంబీపీఎస్ కాస్తా 100 అయింది. నెలకి మూడొందలు అదనం. పాప మొహం మాత్రం మళ్లీ సగంలోనే ఆగింది!

ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి. ‘హాల్లో బాగా వస్తుంది, పడగ్గదిలో రాదు’, ‘డబ్బు ఎక్కువ కడుతున్నా వేగం పెరగలేదు’, ‘పిల్లాడు ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే మధ్యలో ఆగిపోయింది’... ఎప్పటికప్పుడు నాలుగు వాక్యాల్లో జవాబు రాసి పంపించేవాణ్ని. ఈసారి బాధితులు మా ఇంట్లోనే దొరికారు. రెండ్రోజులు సెలవు పెట్టి తెనాలి వెళ్లాను.

డబ్బా పక్కన... మంచం పక్కన

ముందు చేయాల్సింది డబ్బు ఖర్చుపెట్టడం కాదు, కొలవడం. వేగం కొలిచే ఉచిత ఆప్‌లు బోలెడున్నాయి. ఫోను పట్టుకుని రూటర్‌కి రెండడుగుల దూరంలో నిలబడి ఒకసారి చూడండి. తర్వాత ఇబ్బందిగా ఉన్న గదిలోకి వెళ్లి మరోసారి. ఆ రెండు అంకెల్లోనే సగం రోగం బయటపడుతుంది. డబ్బా పక్కనే వేగం రాలేదనుకోండి, తప్పు వైరుదో కంపెనీదో. ఫిర్యాదు చేయండి. డబ్బా మీద ‘లాస్’ అని రాసి ఉన్న చోట ఎర్రదీపం వెలుగుతుంటే బయట ఫైబరు ఎక్కడో తెగిందనో, కనెక్షన్ ఊడిందనో అర్థం. మీరేం చేసినా లాభం లేదు, వాళ్లే రావాలి. అలా కాకుండా డబ్బా పక్కన బ్రహ్మాండంగా వచ్చి గదిలో రావట్లేదంటే లోపం ఇంట్లోనే ఉంది. దానికి కంపెనీ వాళ్లు ఎంత పెద్ద ప్లాన్ అమ్మినా ప్రయోజనం లేదు.

మా ఇంటి లెక్క ఇదీ: మేడమీద డబ్బా పక్కన 94. కింద హాల్లో 31. అమ్మ మంచం దగ్గర 2. అదీ ఒక్కోసారి. ఒక్కోసారి సున్నా.

అంటే నాన్న కొన్న వంద మెగాబిట్లూ ఇంటికైతే వచ్చాయి. మేడమీద గదిలో సుఖంగా కూర్చున్నాయి. కిందికి మాత్రం దిగట్లేదు. మునిసిపాలిటీ నీళ్లు పుష్కలంగా వచ్చినా, ఇంట్లో పైపు సన్నదైతే వెనక కుళాయిలో ధార ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇంతకీ వీడియో కాల్‌కి ఎంత కావాలి? సెకనుకి రెండు మూడు మెగాబిట్లు నిలకడగా వస్తే చాలు. నలభై ఉన్నప్పుడే కావాల్సినదానికి పదిరెట్లకు పైగా ఉంది. మన దేశంలో 2004లో బ్రాడ్‌బ్యాండ్ విధానం తెచ్చినప్పుడు 256 కిలోబిట్లు వస్తేనే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2023లో ఆ కనీస వేగాన్ని 2 మెగాబిట్లకి పెంచారు. అప్పట్లో వైరు వచ్చి కంప్యూటరు బల్ల దగ్గర ఆగేది, వాడేదీ ఒక్కరే. కాబట్టి గోడల గొడవ లేదు.

అన్నట్టు, ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు. సినిమా ఫైలు ఎంతుందో చెప్పేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకి ఐదు మెగాబైట్లే దిగుతాయి. ఇది తెలియక కంపెనీ మోసం చేసిందని పోట్లాడినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

బీరువా వెనక బందీ

మా డబ్బా అసలు ఆ గదిలోకి ఎందుకెళ్లింది? కరెంటు స్తంభం మీంచి లాగిన ఫైబరు మేడ ఎత్తున ఇంటికి తగిలింది. వైరు వేయడానికి వచ్చిన కుర్రాడు ఎదురుగా కనిపించిన కిటికీలోంచి లోపలికి లాగి, అక్కడున్న ప్లగ్గు పక్కనే మేకు కొట్టి తగిలించి పోయాడు. అతని తప్పేం లేదు. ఆరోజు అతను ఇంకా నాలుగిళ్లకి వెళ్లాలి. ‘ఇక్కడ పెట్టమంటారా సార్?’ అని అడిగే ఉంటాడు. నాన్న ‘పెట్టు బాబూ’ అనే ఉంటారు. చాలా ఇళ్లలో డబ్బా స్థానం అలాగే ఖరారవుతుంది. ఆ తర్వాత దాని పక్కకి ఇనప బీరువా వచ్చి చేరింది. బీరువా మీద సూట్‌కేసులు.

రూటరు గాల్లోకి వదిలే శక్తి ఎంతో తెలుసా? సాధారణంగా ఒక వాటులో పదోవంతుకి అటూఇటూ. మనం రాత్రిళ్లు వేసుకునే పాతకాలం జీరో బల్బు ఉంది చూడండి, పేరుకే జీరో, అది లాగేది దాదాపు 15 వాట్లు. దానితో పోలిస్తే రూటరుది మిణుగురు వెలుగు. ఆ కాస్తనీ ఇనప బీరువాకి ఎదురుగా పెడితే రేకు దాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. నిలువుటద్దం వెనకున్న పూతా అంతే. నీళ్లయితే పీల్చేస్తాయి. చేపల తొట్టె పక్కన, వాటర్ క్యాన్‌ల వెనక పెట్టేవాళ్లు ఇది గమనించాలి. ఇక మన గోడలు! మా ఇల్లు తాతయ్య కట్టించింది. బయటి గోడలతో పాటు లోపలి గోడలూ తొమ్మిది అంగుళాల మందం. మధ్యలో ఊచలు అల్లి కాంక్రీటు పోసిన స్లాబు. మేడమీద మూల గది నుంచి కింద వెనక గదికి ఏటవాలుగా రావాలంటే బీరువా, స్లాబు, రెండు గోడలు దాటాలి. అదీ అడ్డంగా కాదు, ఐమూలగా. అంటే గోడలో ఇంకా ఎక్కువ దూరం నడవాలన్నమాట.

ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపించే ఆప్‌లు ఉన్నాయి. అంకె ముందు మైనస్ ఉంటుంది. మైనస్ 50 అయితే భేషుగ్గా ఉన్నట్టు. మైనస్ 70 దాటితే అవస్థ. మైనస్ 80 దాటితే ఆశ వదులుకోవాలి. వీటి మధ్య తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ మూడు అంకెలు పడిపోయిన ప్రతిసారీ బలం సగమవుతుంది. 50 నుంచి 80కి వచ్చిందంటే వెయ్యోవంతే మిగిలిందని లెక్క. అమ్మ గదిలో మైనస్ 83 ఉంది.

‘మరి ఫోనులో రెండు గీతలు చూపిస్తోందిగా?’ అన్నారు నాన్న. ఆ గీతలు రూటరు మాట ఫోనుకి ఎలా వినబడుతోందో చెబుతాయంతే. ఫోను మాట రూటరుకి వినబడాలి కదా! ఫోనులోని రేడియో రూటరుకన్నా నీరసం. అందుకే ఇక్కడ పాప ఎలాగోలా కనబడినా, డాలస్‌లో నానమ్మ ముందే బొమ్మైపోయేది. ఇంకో సంగతి. ఇలా అందీఅందని చోట ఉన్న ఫోను మిగతావాళ్లకీ ఇబ్బందే. రేషన్ షాపు వరసలో ఒకరు చిల్లర లెక్కపెట్టుకుంటూ నిలబడితే వెనకవాళ్లంతా ఆగాలి చూడండి, అలా నత్తనడకన మాట్లాడే ఫోను అందరి సమయాన్నీ తినేస్తుంది.

గారె... పుల్ల

మొదటిరోజు చేసింది పైసా ఖర్చులేని పని. బీరువా పక్కనుంచి డబ్బాని విడిపించాం. ఫైబరు తీగ లోపల ఉండేది గాజు. మడత పెడితే వెలుతురు బయటికి కారిపోతుంది, గట్టిగా వంచితే విరుగుతుంది. కాబట్టి మీరు లాగొద్దు. మా అదృష్టం కొద్దీ కిటికీ దగ్గర రెండు మీటర్ల తీగ చుట్ట చుట్టి ఉంది. దాన్ని నెమ్మదిగా విప్పి, డబ్బాని మెట్ల దగ్గర గోడకి, మనిషి ఎత్తున తగిలించాం. మెట్ల దారిలో స్లాబు ఉండదు కదా, సిగ్నల్ దిగడానికి అదే ద్వారం.

తర్వాత యాంటెన్నాలు. నాన్న రెండింటినీ కొయ్యల్లా నిటారుగా నిలబెట్టి ఉంచారు. ఒక పుల్లకి గారె గుచ్చారనుకోండి. పుల్ల యాంటెన్నా అయితే సిగ్నల్ గారె ఆకారంలో చుట్టూ పరుచుకుంటుంది. పుల్ల కొసల వైపు, అంటే నేరుగా పైకీ కిందికీ, తక్కువ. ఒకే అంతస్తు ఇల్లయితే నిటారుగా ఉండటమే మేలు. మేడమీంచి కిందికి దిగాలంటే ఒకదాన్ని పడుకోబెట్టాలి. పడుకోబెట్టాం.

ఇక ఫోను ఏ బాట పట్టుకుందో చూడాలి. ఇప్పటి డబ్బాల్లో ఎక్కువ భాగం రెండు బాటల్లో నడుస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. ఐదుది వేగం ఎక్కువ, గోడలంటే భయం. రెండు పాయింట్ నాలుగుది వేగం తక్కువ, ఎలాగోలా దూరిపోతుంది. దూరపు గదికి రెండోదే గతి. అయితే 2.4కి ఒక బాధ ఉంది. మన దేశంలో 2005లో దీనికి లైసెన్సు అక్కర్లేదన్నారు. పక్కింటి వైఫై, బ్లూటూత్, అన్నీ అందులోనే. మైక్రోవేవ్ ఒవెన్ కూడా దాదాపు అదే ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుంది. వంటింట్లో ఒవెన్ పెట్టగానే పిల్లల పాఠం ఆగిపోతోందంటే కారణం అదే.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి గోడలకన్నా ఇరుగుపొరుగే పెద్ద సమస్య. ఒక్కో ఫ్లాటులో ఒక్కో డబ్బా. 2.4లో ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఉండే ఛానళ్లు మూడే: 1, 6, 11. మీ రూటరు సెట్టింగ్స్‌లో ఈ మూడింట్లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. మధ్యలో ఖాళీ ఉంది కదాని 3లోనో 4లోనో పెడితే రెండువైపులా ఢీకొంటారు. డబ్బాకి దగ్గరగా ఉండే టీవీని, ల్యాప్‌టాప్‌ని 5కి మార్చేస్తే ఇంకా హాయి.

ఇవన్నీ అయ్యాక అమ్మ గదిలో వేగం 2 నుంచి 9కి వచ్చింది. కాల్ చేస్తే బాగానే నడిచింది. కానీ తలుపేస్తే 4. ఎవరైనా హాల్లో సినిమా పెడితే మళ్లీ మొదటికి.

ఎండిన బావిలో మోటారు

ఇక్కడ నేనూ ఒక తప్పు చేశాను. చెప్పక తప్పదు. రెండోరోజు పొద్దున్నే బజారుకెళ్లి 1,400 పెట్టి ప్లగ్గుకి తగిలించే ‘బూస్టర్’ ఒకటి తెచ్చాను. అమ్మ మంచం పక్కనే పెట్టాను. ఫోనులో గీతలు నిండుగా వచ్చేశాయి. అమ్మ సంబరపడింది. వేగం చూస్తే 3!

బూస్టర్ కొత్తగా ఏమీ పుట్టించదు. తనకి అందిందే మళ్లీ పలుకుతుంది. అందని చోట పెడితే ఎండిన బావిలో మోటారు దింపినట్టే. దాన్ని డబ్బాకీ గదికీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోట పెట్టాలి. భోజనాల బల్ల దగ్గరికి మార్చాక 12 వచ్చింది. అయినా ఈ చవక రకాలు వినడానికీ చెప్పడానికీ ఒకే బాట వాడతాయి. వింటున్నప్పుడు చెప్పలేవు, చెబుతున్నప్పుడు వినలేవు. కాబట్టి వచ్చిన వేగంలో సగం దానికే పోతుంది. మెష్ అని రెండు మూడు డబ్బాల సెట్లు వస్తున్నాయి, వాటి పనితీరు మెరుగే. డూప్లెక్స్ ఇళ్లవాళ్లు, జేబు సహకరించేవాళ్లు ఆలోచించొచ్చు. మా ఇంటికి అంత అక్కర్లేదనిపించింది.

చివరికి పని చేసింది అన్నిటికన్నా పాత వస్తువు... వైరు!

మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మేడమీద డబ్బా నుంచి మెట్ల పక్కగా, వెంటిలేటర్ గుండా అమ్మ గదిలోకి ల్యాన్ కేబుల్ లాగాడు. ఇరవై రెండు మీటర్లు పట్టింది. ఈ కేబుల్ వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా మోస్తుంది. గోడలూ స్లాబులూ దానికి లెక్కలేదు. కొనేటప్పుడు ‘క్యాట్ 6, లోపల పూర్తి రాగి’ అని అడగండి. అల్యూమినియం తీగకి రాగిపూత పూసినవి చవగ్గా అంటగడతారు. కరెంటు వైర్లున్న గొట్టంలో మాత్రం దీన్ని దూర్చనివ్వకండి. మా ఎలక్ట్రీషియన్ అదే గొట్టంలో తోసేద్దామని చూశాడు, ‘తేలికైపోద్ది సార్’ అంటూ. వద్దన్నాను.

కేబుల్ ఇవతలి కొసకి కొత్త రూటరు కొనలేదు. అటకమీద పాత కనెక్షన్ నాటిది ఒకటి దుమ్ముపట్టి ఉంది. ఇలాంటిది చాలా ఇళ్లలో ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్ పాయింట్’ అనే మోడ్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే ‘డీహెచ్‌సీపీ’ అన్నదాన్ని ఆపేసి, పెద్ద డబ్బా వాడని చిరునామా ఒకటి దీనికిచ్చి, కేబుల్‌ని ల్యాన్ అని రాసిన రంధ్రంలోనే గుచ్చాలి. లేదంటే రెండు డబ్బాలూ ఎవరికివారే ఫోన్లకి చిరునామాలు పంచిపెట్టి గందరగోళం చేస్తాయి. వైఫై పేరు, పాస్‌వర్డు రెండిట్లో ఒకటే పెట్టాను, ఛానల్ మాత్రం వేరు. అలా చేస్తే మనం గది మారినప్పుడు ఫోనే దగ్గరి డబ్బాకి మారుతుంది.

కేబుల్‌కీ కూలికీ కలిపి తొమ్మిదొందలైంది. అమ్మ మంచం దగ్గర 46 వచ్చింది. పాత డబ్బాకి అంతకన్నా సత్తువ లేదు, అక్కర్లేదు కూడా. బూస్టర్ దుకాణానికి తీసుకెళ్తే వెనక్కి తీసుకోనన్నాడు. ఎవరికైనా కావాలంటే చెప్పండి!

కరెంటు పోయినప్పటి మాట ఒకటి మిగిలింది. రెండు డబ్బాలూ 12 వోల్టులవే. వాటి కోసం చిన్న బ్యాటరీ యూపీఎస్‌లు అమ్ముతారు. అయితే ఒక్కదానికే పెడితే కుదరదు. మేడమీదది ఆగితే కిందది ఉన్నా లేనట్టే. మాకు కింద ఇన్వర్టర్ లైను ఉంది కాబట్టి మేడమీద డబ్బాకి మాత్రం ఒకటి కొన్నాం.

ఆ ఆదివారం నేనక్కడే ఉన్నాను. ఏడున్నరకి కాల్ వచ్చింది. అమ్మ దిండుకి ఆనుకుని, కాలు చాపుకుని, ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది. పాప ముందు అనుమానంగా చూసింది. ‘నానమ్మా, చెయ్యి ఊపు’ అంది. అమ్మ ఊపింది. ‘ఇంకోసారి’ అంది. ఇంకోసారి ఊపింది. అలా ఆరేడుసార్లు ఊపించాక గానీ నమ్మలేదు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అయ్యాక అమ్మ మొదటిమాట... ‘పిల్ల చిక్కిపోయిందిరా, ఇన్నాళ్లూ కనబడలేదు!’

నాన్న నెల తిరగ్గానే ప్లాన్‌ని మళ్లీ నలభైకి దించేశారు. అమ్మ గదిలో ఇప్పుడు 38 వస్తోంది. కొత్త ఫిర్యాదు ఒకటే, రాత్రిళ్లు డబ్బా మీద నీలందీపం కళ్లలో పడుతోందని దానిమీద తువ్వాలు కప్పుతోంది. వేడెక్కుతుంది, కప్పొద్దని రెండుసార్లు చెప్పాను. వచ్చేసే రోజు చూస్తే మళ్లీ తువ్వాలు. ఎలక్ట్రీషియన్ వదిలేసిన నల్లటేపు ముక్క తీసుకుని దీపం మీద అంటించి బస్సెక్కాను.